పేనుకు లేని కులం కత్తెరకెందుకు?

పోయిన బతుకమ్మకు మా చెల్లె బిడ్డ హాస్టల్ నుంచి ఇంటికొచ్చింది. తలకు చున్నీ చుట్టుకొని బస్సు దిగింది. ఎండకు చుట్టుకున్నదేమో అనుకున్నం. ఇంట్లకొచ్చినంక గూడ తియ్యలేదు. అన్నం తినేటప్పుడు గూడ తియ్యలేదు. వాళ్లమ్మ గుంజి చూస్తే నడుము దాక ఉండాల్సిన జడ లేదు. గొర్రెకు ఉన్ని కత్తిరించినట్టు అక్కడింత, ఇక్కడింత.

"ఏమైంది బిడ్డా?" అంటే, "పేండ్లు పడ్డయని మేడం కత్తిరిపిచ్చింది మామా" అన్నది.

సద్దుల బతుకమ్మ నాడు వాడకట్టు ఆడోళ్లంత తంగేడు, గునుగు పేర్చుకొని బయటికి పోయిండ్రు. ఆ పిల్ల మాత్రం తలుపు చాటున కూసున్నది. బతుకమ్మల పెట్టిన పువ్వు తలల పెట్టుకుందామంటే తలల ఏముంది?

తర్వాత మెల్లగ అడిగిన. ఆ రూముల పిల్లలందరికి పేండ్లున్నయట. తొమ్మిది మందికి మాత్రం కత్తెర పెట్టిండ్రు. మిగిలినోళ్లకు మందు సీసా తెప్పిచ్చిండ్రు. "ఎందుకట్ల?" అన్న. "ఫోన్ చేస్తే ఉరికొచ్చి అడిగే అమ్మానాయినలు ఉన్నోళ్లకు సీసా మామా. మా అమ్మ, నాయిన కూలి ఇడిసిపెట్టి రారని వాళ్లకు తెలుసు" అన్నది. పన్నెండేండ్ల పిల్ల చెప్పిన లెక్క ఇది. మన సమాజం లెక్క గూడ ఇదే.

ఆ హాస్టల్ పేరు ఇక్కడ రాస్తలేను. ఒక్క వార్డెన్‌ను తిట్టి చేతులు దులుపుకుంటే పనిగాదు. ఒక్క హాస్టల్‌తోని అయిపోయే ముచ్చట గూడ కాదు.

పత్రికల పేండ్ల గురించి రాసుడేంది, భూమి లేదా, కొలువులు లేవా, దాడులు లేవా అని కొందరు అన్నలు నవ్వుతరు. నవ్వనియ్యుండ్రి. బడిల ముందు బెంచీల కూసున్న పిల్లను ఎనుక బెంచీకి పంపిన పురుగు ఇది. "వాళ్ల పిల్లలతోటి ఆడకు, పేండ్లు పడుతయి" అనే మాట అంటరానితనానికి ఇయ్యాల వేసిన కొత్త అంగీ. మన చిన్నప్పుడు సార్లు కట్టెపుల్లతోని మన ఎంటికలు జరిపి చూసేటోళ్లు. చెయ్యి తాకనియ్యకపోయేటోళ్లు. ఆ కట్టెపుల్ల యాదికున్నోళ్లకు ఇది చిన్న ముచ్చట కాదు.

ముందుగాల పేను గురించి తెలుసుకుందాం. తెలువకపోతే భయం, సిగ్గు, దెబ్బలు. తెలిస్తే అది నువ్వుగింజంత పురుగు, అంతే.

పేను మనిషి తల మీదనే బతుకుతది. కుక్క మీద, కోడి మీద బతుకది. దానికి రెక్కలు లేవు, ఎగురదు. దుంకదు. ఆరు కాళ్లుంటయి, కాలికి కొక్కెం లాంటి గోరుంటది, దానితోని ఎంటికను పట్టుకొని పాకుతది. తలకు తల ఆనితేనే ఒకరి నుంచి ఇంకొకరికి పోతది. ఒక్క చాప మీద నలుగురు పిల్లలు పండుకుంటే, ఒక్క మంచంల ఇద్దరు సర్దుకుంటే దానికి బాట దొరికినట్టే. ఆడపేను దినానికి ఏడెనిమిది దాక గుడ్లు పెడుతది. అదే ఈరు. ఎంటిక మొదట్ల, నెత్తి తోలుకు దగ్గర, జిగురుతోని అతికిస్తది. వారం తొమ్మిది రోజుల్ల ఈరు పగిలి పిల్లపేను వస్తది. ఇంకో వారం పది రోజుల్ల అదే పెద్దదై మళ్ల గుడ్లు పెడుతది. నెల దాక బతుకుతది. తల నుంచి కింద పడితే మాత్రం రక్తం దొరకక ఒకటి రెండు దినాలల్ల చస్తది.

ఇండ్ల మురికి ఎక్కడున్నది? పేనుకు కావల్సింది ఎంటిక, రక్తం. కడిగిన తల, కడగని తల అని అది చూడదు. సబ్బుతోని రోజు తానం చేసే పిల్లకు గూడ పడుతది. అమెరికా సంగతి చూడుండ్రి. అక్కడ మూడేండ్ల నుంచి పదకొండేండ్ల పిల్లలల్ల ఏటా 60 లక్షల నుంచి 1 కోటి 20 లక్షల మందికి పేండ్లు పడుతయని వాళ్ల ప్రభుత్వ ఆరోగ్యశాఖోళ్లే అంచనా కట్టిండ్రు. మరి వాళ్లది ఏ కులం? ఏ వాడ?

ఇంకో ముచ్చట. ఇజ్రాయెల్‌ల లాఖీష్ అనే పాత పట్నం తవ్వకాలల్ల ఏనుగు దంతంతోని చేసిన చిన్న దువ్వెన దొరికింది. సుమారు 3,700 ఏండ్ల నాటిది. దాని మీద అక్షరాలున్నయని తర్వాత కనిపెట్టి 2022లో లోకానికి చెప్పిండ్రు. కనానీయుల అక్షరాలల్ల ఇప్పటిదాక దొరికిన మొట్టమొదటి పూర్తి వాక్యం అదేనట. ఏం రాసి ఉన్నదనుకున్నరు? దేవుని పేరు కాదు, రాజు పేరు కాదు. తలల, గడ్డంల పేండ్లను ఈ దంతం ఊడబెరకాలె అనే కోరిక. దువ్వెన పండ్ల సందున పేను తునకలు గూడ దొరికినయి. ఆ దేశంల ఏనుగులు లేవు, దంతం బయటి నుంచి తేవాలె. అంటే అది ఉన్నోని దువ్వెన. దంతపు దువ్వెన కొనగలిగినోని తలల గూడ పేండ్లున్నయి. ఆయనకు ఎవడూ గుండు గీయలేదు, దువ్వెన చేసిచ్చిండ్రు.

పేను పేరు చెప్పి కష్టం చేసేటోన్ని అవమానించుడు మన దేశంలనే కాదు. అమెరికా, మెక్సికో సరిహద్దుల ఎల్ పాసో అనే ఊరున్నది. మెక్సికో నుంచి దినాం వంతెన దాటి పనికొచ్చే కూలోళ్లను "పేండ్లోళ్లు, రోగాలు తెస్తరు" అని బట్టలిప్పిచ్చి కిరసనాయిలు, సిర్కాతోని కడిగేటోళ్లు. 1916 మార్చిల అదే ఊరి జైలుల ఖైదీలకు పేండ్లు పోవాలని పెట్రోలు కలిపిన నీళ్లతోని తానం చేయిస్తుంటే నిప్పంటుకున్నది. పాతిక మందికి పైగా కాలి సచ్చిపోయిండ్రు. 1917 జనవరి 28 నాడు పదిహేడేండ్ల పనిపిల్ల, కార్మెలిటా టోరెస్, ఆ తానం చెయ్యనని వంతెన మీద ఎదురుతిరిగింది. ఆమెను చూసి వందల మంది ఆడోళ్లు తిరగబడ్డరు. తెల్లోళ్లకు పేండ్లు లేకుండెనా? ఉండె. కానీ నూనె పోసింది మాత్రం కూలోని నెత్తి మీద.

ఆ కథ రెండు పాఠాలు చెప్తది. ఒకటి, అవమానం మందు కాదు. రెండు, గాసునూనె మందు కాదు. ఇప్పటికీ మన ఇండ్లల్ల పిల్ల తలకు గాసునూనె పోసి, పక్కనే పొయ్యి అంటుపెట్టే తల్లులున్నరు. అమ్మలారా, దండం పెడుత, బంద్ చెయ్యుండ్రి. పత్తి చేన్ల కొట్టంగ మిగిలిన పురుగుల మందు తలకు రాసుడు అంతకన్న ప్రమాదం. నెత్తి తోలు నుంచి ఆ విషం ఒంట్లకు దిగుతది, పిల్ల పాణం పోతది. సీతాఫలం గింజల పొడి గూడ చాలా మంది రాస్తరు. పేండ్లు సస్తయి గని, అది కండ్లల్ల పడితే నల్లగుడ్డు పైపొర పుండైతది. ఎందుకొచ్చిన గోస?

ఇగ కత్తెర సంగతి. నిజం మాట్లాడుకుందాం. గుండు గీస్తే పేండ్లు పోతయి. ఎంటిక లేనప్పుడు అది దేన్ని పట్టుకోవాలె? వార్డెన్ బాధ గూడ తెలుసు. వంద మందికి పైగా పిల్లలు, చూసేది ఒక్కామె, నీళ్లు తక్కువ, మందు తెప్పిద్దామంటే పైసలు లేవంటరు. కత్తెరైతే ఒక్క పూటల పని అయిపోతది. కానీ సులువైన పని అయినంత మాత్రాన సరైన పని అయితదా? సులువే చూసుకుంటే ఎమ్మెల్యే బిడ్డకు పేండ్లు పడ్డప్పుడు గూడ అదే కత్తెర రావాలె. రాదు. అక్కడ సీసా వస్తది, దువ్వెన వస్తది, ఓపిక గూడ వస్తది.

"మనం వేములవాడల, తిరుపతిల గుండు కొట్టిచ్చుకుంటలేమా, గండ్లె ఏమున్నది?" అని అడిగేటోళ్లున్నరు. మొక్కి ఇచ్చుకున్నది వేరు, చేతులు పట్టుకొని గీసింది వేరు. ఈ దేశంల బలవంతపు గుండుకు ఒక అర్థమున్నది. మొగడు సచ్చిన పిల్లకు గీసిండ్రు, నువ్వు ఇగ మనిషివి కాదని చెప్పనీకి. 1890లో బొంబాయిల సత్యశోధక నాయకుడు నారాయణ మేఘాజీ లోఖండే క్షౌరవృత్తి అన్నలను కూడగట్టి, విధవలకు గుండు గీయమని సమ్మె చేపిచ్చిండు. కత్తి పట్టినోడే కత్తి కింద పెట్టిన సమ్మె అది. తర్వాత మన తెలుగు నేల మీద చూడుండ్రి. 1996 డిసెంబర్ 29 నాడు తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంల ఐదుగురు దళిత యువకులను హింసించి, అందుల ఇద్దరికి గుండు గీసిండ్రు. శిరోముండనం కేసు అంటే అదే. ఆ కేసుల తీర్పు 2024 ఏప్రిల్ 16 నాడు వచ్చింది. 27 ఏండ్లు దాటినంక! గుండు గీయనీకి గడియ చాలు, న్యాయం రానీకి ఒక తరం పట్టింది.

అందుకే చట్టంల ఈ మాట రాయాల్సొచ్చింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989ను 2015లో సవరించిండ్రు, 2016 జనవరి 26 నుంచి అది అమలైంది. సెక్షన్ 3(1)(ఇ) చదువుండ్రి. ఎస్సీ, ఎస్టీలు కానోళ్లు మనోళ్లకు బలవంతంగ గుండు గీసుడు, మీసం తీసుడు, బట్టలిప్పిచ్చుడు నేరమని పేరుపెట్టి రాసి ఉన్నది. హాస్టల్‌ల జుట్టు కత్తిరించిన ప్రతి కేసు ఈ సెక్షన్ల పడుతదని నేను అంటలేను. వార్డెన్ మన కులపామెనే అయి ఉండొచ్చు. కానీ విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17 ఉన్నది. బడి పిల్లలను కొట్టరాదు, మనసు కష్టపెట్టి వేధించరాదని చెప్తది. పన్నెండేండ్ల పిల్ల బతుకమ్మ నాడు తలుపు చాటున కూసున్నదంటే, ఆ మనసుకు కష్టం అయినట్టా, కానట్టా?

మరి పేండ్లు పోవుడెట్ల? ఇది సంఘం మీటింగుల చదివి వినిపియ్యుండ్రి.

ఒకటి. ముందుగాల చూడాలె. బాయిల సర్దార్ కప్పు కొట్టి చూడందే మనల్ని పనిలకు దిగనిస్తడా? ఇదీ అంతే. తలను తడిపి, ఈరుపెనతోని అంటే సన్నపండ్ల దువ్వెనతోని, తెల్లబట్ట మీద దువ్వుండ్రి. బతికున్న పేను కనపడితేనే మందు. తెల్లగ కనపడి వేలుతోని జరిపితే జరిగేది చుండు. జరగకుండ అతుక్కున్నది ఈరు. నెత్తికి వేలెడు దూరంల ఉన్న ఈరు చాలా మటుకు పగిలిపోయిన డొల్లనే. దాన్ని చూసి భయపడొద్దు.

రెండు. పైసలు లేకుంటే దువ్వెనే మందు. తలకు నూనెనో షాంపూనో బాగ పట్టిచ్చి, తడి మీదనే పాయలు పాయలుగ తీసి నెత్తి నుంచి కొస దాక దువ్వాలె. దువ్వినప్పుడల్ల తెల్లబట్టకు తుడవాలె. మొదటి రోజు, అయిదో రోజు, తొమ్మిదో రోజు, పదమూడో రోజు ఇట్ల నాలుగుసార్లు. పదిహేడో రోజు మళ్ల చూడాలె. ఒక్కటి గూడ లేకుంటే పని అయినట్టు. మధ్యల ఆపితే మొదటికొస్తది.

మూడు. మందు వాడితే పర్మెత్రిన్ 1 శాతం లోషన్ అని సీసా మీద చదువుండ్రి. గజ్జికిచ్చే 5 శాతం క్రీము వేరు, అది తలకు కాదు. తల కడిగి, తువ్వాలతో ఒత్తి, తడి తడిగ ఉన్నప్పుడు రాయాలె. కండ్లకు బట్ట అడ్డం పెట్టాలె. పది నిమిషాలు ఉంచి కడగాలె. తర్వాత ఒకటి రెండు దినాలు షాంపూ పెట్టొద్దు. ఈ మందు ఈరులన్నిటిని చంపలేదు. మిగిలినయి పగిలి పిల్లలైతయి. అందుకే తొమ్మిదో రోజు రెండోసారి రాయాలె. మనోళ్లు చాలామంది ఓడిపోయేది ఇక్కడనే, రెండోసారి రాయకనే. రెండుసార్లు రాసినా పేండ్లు పాకుతుంటే ఆ మందు వాటికి అలవాటైందని అర్థం. డాక్టర్ దగ్గర వేరే మందులున్నయి, ఐవర్‌మెక్టిన్ అట్లాంటిదే. చంటిపిల్లలకు, కడుపుతోటి ఉన్నోళ్లకు డాక్టర్‌ను అడగందే ఏదీ వాడొద్దు.

నాలుగు. ఇంటిల్లిపాది తలలు ఒక్కనాడే చూడాలె, పేండ్లున్నోళ్లందరికి ఒక్కనాడే రాయాలె. ఒక్కపిల్లకు రాసి పక్కల పండుకునే చెల్లెను ఇడిస్తే వారంల మళ్ల వస్తయి.

అయిదు. రెండు దినాల కింది నుంచి వాడిన తువ్వాల, దిండు గలీబు, దువ్వెన వేడినీళ్లల్ల వెయ్యుండ్రి, ఎండకు ఆరెయ్యుండ్రి. ఇల్లంత మందు కొట్టే పని లేదు. గోకి గోకి పుండ్లై చీము పట్టినా, మెడ ఎనుక బిళ్లలు కట్టినా ప్రభుత్వ దవాఖానకు తీసుకపోవాలె.

ఇంకో మాట. తలపేను రోగం మొయ్యది. టైఫస్ జ్వరం తెచ్చేది బట్టలల్ల ఉండే ఒంటిపేను. 1909లో షార్ల్ నికోల్ అనే డాక్టర్ ట్యూనిస్‌ల అది కనిపెట్టిండు. ఆయనకు 1928లో నోబెల్ బహుమానం వచ్చింది. అందుకే తలల పేండ్లున్నయని పిల్లను బడి మాన్పియ్యాల్సిన పని లేదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం గూడ ఇదే చెప్తది. పేండ్లున్నయని, ఈరులున్నయని ఏ పిల్లనూ బడి నుంచి ఇంటికి పంపొద్దని.

ఇదంత చదివి మా చెల్లె ఏమన్నదో తెలుసా? "అన్నా, నాలుగుసార్లు దువ్వాలంటే నాకు పొద్దెక్కడిది?" అన్నది. ఆమె చెప్పింది నిజం. పేండ్లు చూసుడు పని. ఒక్క తలకు అరగంట, గంట పడుతది. మొగడు కాంట్రాక్టు పనికి, ఆమె కూలికి. బొగ్గు బెల్టుల పర్మినెంటు నౌకరున్నోనికి క్వార్టర్ల నల్లా ఉంటది, కంపెనీ దవాఖాన ఉంటది. కాంట్రాక్టోని ఇంటిది బిందె పట్టుకొని నిలబడుతది. తట్టా చెమ్మాసు పట్టి ఈ బాయిలను నింపిన తాతల మనుమలకు ఇయ్యాల కాంట్రాక్టు చిట్టీనే దిక్కైంది. గోదారి ఒడ్డునే ఉన్నం. ఎల్లంపల్లి నీళ్లు పైపుల్ల హైదరాబాద్ దాక పోతున్నయి. తల కడుక్కోనీకి రెండు బిందెల నీళ్లు బస్తీకి రావు. 1927 మార్చి 20 నాడు బాబాసాహెబ్ మహాడ్ చెరువుల దోసిలి ముంచింది నీళ్ల రుచి చూసేతందుకా? అందరి నీళ్లల్ల మనకూ హక్కున్నదని చూపనీకి. పేను మురికితోని రాదు, నిజమే. కానీ దాన్ని పంపాలంటే నీళ్లు కావాలె, పొద్దు కావాలె, మందు కావాలె. ఈ మూడు ఎవనికున్నయి, ఎవనికి లేవు అన్నకాడ కులం వస్తది.

మన తప్పులు గూడ మనం ఒప్పుకోవాలె. పేను దొరికితే పిల్ల ఈపు మీద గుద్దేది మనమే. "మాదిగోళ్ల పిల్లతోని ఆడితివి, అంటినయి" అని మాలోళ్లు, "బస్తీ పిల్లతోని ఆడితివి" అని క్వార్టరోళ్లు. ఆ కట్టెపుల్ల మన చేతుల గూడ ఉన్నది. ముందుగాల దాన్ని ఇరిచి పొయ్యిల పెడుదాం.

హాస్టల్‌కు పోయి మనం అడగాల్సినయి పెద్దయేం కావు. పిల్ల ఒప్పుకోందే, తల్లిదండ్రి రాసియ్యందే ఏ ఆడపిల్ల తల మీద కత్తెర పడొద్దు. నెలకొకసారి తలలు చూడాలె, అది గూడ నలుగురిల నిలబెట్టి కాదు, చాటుకు. పిల్లకొక దువ్వెన. పీహెచ్‌సీ నుంచి మందు, ఒక్కనాడే అందరికి, తొమ్మిదో నాడు రెండోసారి. 2013 నుంచి బడి పిల్లలను చూడనీకి వచ్చే డాక్టర్ల బండి, ఆర్‌బీఎస్‌కే, తలలు గూడ చూడాలె. 2024లో సర్కారు హాస్టల్ పిల్లల కాస్మెటిక్ చార్జీలు పెంచినమని చెప్పింది. ఆ పైసలు నెలనెలా పిల్లలకు అందుతున్నయా లేదా లెక్క చూపాలె.

అడిగి ఊకుంటే గాదు. వార్డెన్ ఒక్కామెతోని కాదంటున్నరు కదా? సంఘం అక్కలు నెలల ఒక ఆదివారం పోదాం. పది మంది తల్లులు, పది దువ్వెనలు. ఒక్కపూటల ఎన్ని తలలు చూడొచ్చు! కూలికి పోయి రాలేని తల్లి బిడ్డను ముందుగాల చూద్దాం. "మా కోసం ఎవరూ రారు" అని ఆ పిల్లలకున్న లెక్క ఉన్నదే, అది తప్పని చూపియ్యాలె.

పేనుకు పెత్తనమిస్తే తలంత గొరికిందని మన పెద్దలు ఊకెనే అనలేదు. మన తలల మీద పెత్తనం పేనుకూ వద్దు, కత్తెరకూ వద్దు.

మా కోడలికి ఎంటికలు మళ్ల వస్తున్నయి. చెవుల దాక వచ్చినయి. వచ్చే బతుకమ్మ నాటికి పువ్వు నిలుస్తది. ఆ తొమ్మిది మంది పిల్లల్ల ఇంకొకరి మీద మళ్ల కత్తెర పడకుండ చూసుడు మన పని.

జై భీమ్.